పురుగులున్న ఇల్లు

సెప్టెంబరు 14

ఈ రోజు నా పెట్టెలో వాసన వచ్చే వస్తువులన్నీ బయటికి వచ్చాయి. పౌడరు డబ్బా, స్ప్రే, మల్లెపూల వాసన కొబ్బరినూనె, దోమల చక్రాలు, చివరికి అమ్మ ఇచ్చిన ఆకుపచ్చ నూనె సీసా కూడా. అత్తమ్మ ఒక్కొక్క మూతా తీసి ముక్కు దగ్గర పెట్టుకుని పక్కకు పెట్టింది. విమానం ఎక్కేటప్పుడు కూడా నన్నెవరూ ఇంతగా సోదా చెయ్యలేదు. అన్నీ ఒక కవర్లో మూటకట్టి వీధి చివర చౌడక్క ఇంట్లో పెట్టించింది. రేపు పట్టుపురుగులు వస్తాయట. ఈ వాసనల్లో ఏది తగిలినా చస్తాయట.

మాది పట్టు పండించే ఇల్లు అని గిరి పెళ్ళికి ముందు చెప్పాడు. నేను బీరువా నిండా చీరలు ఊహించుకున్నాను. పురుగుల సంగతి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ నూనె సీసా ఒక్కటి ఉంచుకోనివ్వమని అడుగుదామనుకున్నాను. తలనొప్పికి, కడుపునొప్పికి, ప్రయాణానికి, భయానికి మా ఇంట్లో అన్నిటికీ అదే మందు. అడగలేదు. వచ్చి నెల కాలేదు, అప్పుడే పేచీలెందుకు.

సెప్టెంబరు 15

పురుగులు వచ్చాయి. చంటిపిల్లల్ని దించినట్టు ఆటోలోంచి ట్రేలు దించారు. నన్ను గేటు దగ్గర నిలబడి ఎవరినీ రానివ్వొద్దన్నారు. ఎవరూ రాలేదు. నాకు ఇచ్చిన మొదటి పని అది, బాగానే చేశాను.

సెప్టెంబరు 19

బాగానే ఉన్నాను.

సెప్టెంబరు 23

ఈ ఊళ్ళో నా పేరు సింగపూరు పిల్ల. మాది మలేసియా అని, తెలుక్ ఇంటాన్ పక్కన కొబ్బరితోటల్లో పుట్టానని ఎంతమందికి చెప్పినా, ‘ఆ, అదే సింగపూరు’ అంటారు. ఇప్పుడు చెప్పడం మానేశాను.

పెళ్ళి కుదిరినప్పుడు అక్కడి మా తెలుగు సంఘంలో అందరూ అన్నమాట ఒక్కటే, నీకేమమ్మా, మన దేశానికే పోతున్నావు, మన భాషే కదా అని. మా ముత్తాత విశాఖపట్నంలో ఓడెక్కాడు. నేను ఆదివారాలు సంఘం బడిలో గుణింతాలు దిద్ది ఈ భాష నేర్చుకున్నాను. అదే సంఘంలో ఉగాది భోజనాల దగ్గర, ఇపో పట్నంలో ఫ్యాక్టరీలో పనిచేసే గిరి కనబడ్డాడు. పప్పు వడ్డిస్తుంటే, మా ఊరు హిందూపురం కాడ పరిగి అన్నాడు. ఆ ‘కాడ’ నాకు ముద్దుగా అనిపించింది. ఇప్పుడు రోజంతా ‘కాడ’లే. వాళ్ళ మాట నాకు అర్థమవుతుంది, నా మాట వాళ్ళకు అర్థమవుతుంది. అయినా నేను నోరు తెరిస్తే అందరూ ఒక్క క్షణం ఆగి చూస్తారు, రేడియో పెట్టినట్టు. అందుకని తక్కువ మాట్లాడుతున్నాను.

గిరి పొద్దున కంపెనీ బస్సులో పెనుకొండ దగ్గరి కార్ల ఫ్యాక్టరీకి వెళ్తాడు. షిఫ్టు మారితే నేను నిద్రపోయాక వస్తాడు. మామయ్య పోయాక అత్తమ్మ ఒక్కతే మల్బరీ తోట చూసుకోలేదని మేం వచ్చాం. ఆమె ఒక్కతే అన్నీ చూసుకుంటోంది. నేను ఒక్కదాన్నే ఆమెను చూస్తున్నాను.

షెడ్డు మా పడకగది గోడకు ఆనుకునే ఉంది. మధ్యాహ్నం పురుగులు ఆకు తినే చప్పుడు వినబడుతుంది. పక్కగదిలో నాకు పెట్టకుండా ఎవరో అప్పడాలు తింటున్నట్టుంటుంది.

సెప్టెంబరు 27

చౌడక్క ఇంటికి వెళ్ళి సీసా మూత తీసి వాసన చూసి వచ్చాను. ఇది మూడోసారో నాలుగోసారో. చౌడక్కకు గొర్రెలున్నాయి, మా తోటలో ఆకు కోతకు వస్తుంది, నోటికి అదుపు లేదు. “ఏందమ్మే ఆ బుడ్డి, దినామూ వచ్చి వాసన చూసి పోతాండావు, కల్లా?” అంది. నవ్వాను. ఇంటికొచ్చి తలస్నానం చేసి బట్టలు మార్చుకున్నాను. పురుగులకు తగలకూడదు కదా.

అక్టోబరు 9

నిన్న హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్ళు అమ్మేశారు. పురుగులు వచ్చినప్పటి నుంచి గూళ్ళు అమ్మేదాకా నెల కూడా పట్టలేదు. ఈ రోజు గేటు తెరిచారు. పొద్దున్నే గోరంట్ల నుంచి ఆడబిడ్డ నాగజ్యోతి చంటిపిల్లతో దిగింది. మధ్యాహ్నానికి ఇల్లు నిండిపోయింది, ఇన్ని రోజులూ వీళ్ళంతా ఎక్కడున్నారో.

నాగజ్యోతి మంచిది. నవ్వుతూనే చెప్పింది. పోయినేడాది పిల్లకు దోమల క్రీము రాసి, తెలియక షెడ్డులోకి ఎత్తుకుపోయిందట. సగం పురుగులు తలలు వాల్చి పచ్చగా కక్కుకుని చచ్చిపోయాయట. “అప్పటి నుంచి మాయమ్మ నన్ను గూడ గేటు కాడే నిలబెడతాది వదినా. పురుగులుండే ఇల్లు, బాలింతుండే ఇల్లు ఒకటే అంటాది.” ఇప్పుడు బస్సెక్కే ముందు ఫోన్ చేసి, అమ్మా పురుగులుండాయా అని అడుగుతుందట. ఉన్నాయంటే దిగదు.

అయితే నా ఒక్కదానికే కాదన్నమాట ఈ చట్టం. కొంచెం తేలికపడ్డాను.

అక్టోబరు 21

అమ్మ ఫోన్. సంఘం వాళ్ళు తిరుపతి యాత్రకు మనుషుల్ని తీసుకొస్తున్నారట. డిసెంబరులో ఒక గుంపు, ఫిబ్రవరిలో ఒక గుంపు. ఏ గుంపుతో వచ్చినా మధ్యలో రెండు రోజులు నా దగ్గరికి రావచ్చు, తర్వాత బెంగుళూరులో మళ్ళీ వాళ్ళతో కలవాలి. ఎప్పుడు రమ్మంటావు అంది.

క్యాలెండరు ముందు నిలబడి లెక్క వేశాను. రేపు దిగే పురుగులు నవంబరు మధ్యకు అయిపోతాయి. తర్వాతవి ఇరవై నాలుగున వస్తాయని అత్తమ్మ చౌడక్కతో అంటుంటే విన్నాను. సెప్టెంబరు లెక్కన డిసెంబరు పదహారు, పదిహేడుకల్లా గూళ్ళు మార్కెట్టుకు పోతాయి. అమ్మ వచ్చేది పంతొమ్మిది. సరిగ్గా గేటు తెరిచి ఉంటుంది.

డిసెంబరే రా అన్నాను. ఫిబ్రవరి దాకా ఎవరు ఆగుతారు.

నాకు కావలసింది పెద్దగా ఏమీ లేదు. అమ్మ ఈ ఇల్లు చూడాలి. నా గదిలో, నా మంచం మీద, నా పక్కన ఒక్క రాత్రి పడుకోవాలి. అప్పుడు ఇది నా ఇల్లు అవుతుందేమోనని ఒక పిచ్చి ఆశ.

అత్తమ్మకు నేను చెప్పనా అంటే, గిరి తనే చెప్తానన్నాడు.

అక్టోబరు 30

గిరి చెప్తానన్నాడు. మంచి సమయం చూసి చెప్పాలట.

నవంబరు 4

చౌడక్క వేరుశనక్కాయ పీకే పనికి పోయింది. పొద్దున అత్తమ్మ వచ్చి గడప దగ్గర నిలబడి, తలకు గుడ్డ కట్టుకుని కాళ్ళు కడుక్కుని రమ్మంది. ఎక్కడికి అని కూడా అడగలేదు నేను.

షెడ్డులో గడప ముందు సున్నం, బ్లీచింగ్ పొడి. దాంట్లో కాళ్ళు పెట్టి లోపలికి వెళ్ళాలి. అరుగుల మీద బారులు బారులుగా పురుగులు. అత్తమ్మ ఒకదాన్ని తీసి నా అరచేతిలో పెట్టింది. చల్లగా, మెత్తగా, మా అమ్మమ్మ చెవితమ్మెలా ఉంది. జడుసుకుంటానని చూసింది గానీ నేను జడుసుకోలేదు. తర్వాత కొమ్మలు ఎలా పరచాలో చూపించింది. నేను తప్పుగా పరిస్తే నా చెయ్యి పట్టుకుని సరిగ్గా పెట్టేది, అంతే.

పెళ్ళి నాటి నుంచి ఆమె నన్ను ముట్టుకోవడం ఇదే మొదలు.

నవంబరు 7

పురుగులు చర్మం మార్చుకునే ముందు జ్వరం కూర్చుంటాయి. జ్వరమనే అంటారు ఇక్కడ. తిండి ముట్టవు, కదలవు, తలలు పైకెత్తి ఊరికే ఉంటాయి. షెడ్డంతా నిశ్శబ్దం. ఆ పూట ఆకు వెయ్యకూడదు, తాకకూడదు, లేచేదాకా ఓపిక పట్టాలి. ఒకటిన్నర రోజు తర్వాత పాత చర్మం విడిచేసి ఆకలితో లేస్తాయి.

నేనూ వచ్చినప్పటి నుంచి జ్వరం కూర్చునే ఉన్నాను. చర్మం మాత్రం పాతదే.

నవంబరు 16

గేటు తెరిచారు. చుట్టాలు వచ్చారు, వెళ్ళారు. నాకెవరున్నారు వచ్చేందుకు? ఉన్నారు. ఇంకో నెల.

గిరి ఈ వారం చెప్తానన్నాడు. ఆయనకూ ఓవర్ టైమ్ ఎక్కువగా ఉంది పాపం.

నవంబరు 24

పురుగులు రాలేదు. పిల్లపురుగుల్ని సాకే కేంద్రంలో ఏదో ఆలస్యమట. ఒక రోజు, రెండు రోజులు తేడా వస్తే ఏం కాదు.

నవంబరు 28

ఇవాళ వచ్చాయి. నాలుగు రోజులు పోయాయి. మళ్ళీ లెక్క వేశాను. ఇరవై, ఇరవై ఒకటి అవుతుంది. అమ్మ వచ్చిన మర్నాడు. పర్వాలేదు, అటూ ఇటూ సర్దుకోవచ్చు. నేను కూడా బాగా ఆకు వేస్తే తొందరగా పెరుగుతాయి కదా.

డిసెంబరు 6

చలి. మా ఊళ్ళో ఇలాంటి చలి ఎరగను, స్వెట్టర్ అన్న మాట పుస్తకంలోనే చదివాను. అత్తమ్మ షెడ్డులో బొగ్గుల కుంపటి పెట్టింది. పురుగులు మందంగా కదులుతున్నాయి. వేసిన ఆకు వేసినట్టే ఉంటోంది.

నేను వాటిని తిట్టాను. తినండే, తినండి అని. అత్తమ్మ విన్నదేమో.

డిసెంబరు 11

ఆఖరి జ్వరం ఇవాళ గానీ కూర్చోలేదు. కూర్చుని లేవాలి, లేచాక వారం పైన తినాలి, తిని పండాలి, పండాక గూడు కట్టాలి. నేను గేటు తెరిచి ఉంటుందని లెక్క వేసిన రోజుకు ఇవి నిండుగా తింటూ ఉంటాయి. అంటే గాలి సోకినా భయపడే రోజులు.

గిరిని నిలదీశాను. చెప్పలేదు. అక్టోబరు నుంచి ఒక్కసారి కూడా చెప్పలేదు. సమయం కుదరలేదట. తింటున్న కంచం ముందు నుంచి లేచి వచ్చేశాను. నాకు తెలుసు. చెప్పలేదని నాకు తెలుసు. ఆయన చెప్తాడని రాసుకుంటే నాకు పని తప్పుతుందని రాసుకున్నాను.

డిసెంబరు 12

నేనే చెప్పాను. సాయంత్రం కుంపటి ముందు ఇద్దరమే ఉన్నాం. మా అమ్మ పంతొమ్మిదిన వస్తోంది అన్నాను. అత్తమ్మ బొగ్గులు ఎగదోస్తూ ఏ నెల అని అడిగింది. ఈ నెలే అన్నాను. చేతిలో కర్ర ఆగింది.

ఎప్పుడనుకున్నారని అడిగింది. అక్టోబరులో అన్నాను. గిరి మీకు చెప్తానన్నాడు అని కూడా అన్నాను.

“వాడు చెప్తాడు. వాళ్ళ నాయనా అట్లనే చెప్తాండె” అంది. మళ్ళీ బొగ్గులు ఎగదోసి, “నన్ను ఒక్క మాట అడిగింటే చెప్పేదాన్ని గదమ్మా. చలికాలం పురుగు సెప్టెంబరు పురుగు మాదిరి పరిగెత్తదు. ఫిబ్రవరిలో రమ్మనింటే ఆ విడతే దించకుండా, మీయమ్మను నెల దినాలు పెట్టుకునింటా.”

అడగాలంటే ముందు మనం మాట్లాడుకుంటూ ఉండాలి కదా అత్తమ్మా. ఈ ఇంట్లో మాటలు కూడా పురుగులకు పడవేమో అనుకున్నాను. ఇది ఆమెతో అనలేదు. ఇక్కడ రాసుకుంటున్నాను.

ఒక్క రాత్రికి, మా గదిలోనే, స్నానం చేయించి, కొత్త బట్టలు కట్టించి, షెడ్డు వైపే రానివ్వకుండా ఉంచుకుంటానన్నాను. బతిమాలాను. మా గది గోడ, షెడ్డు గోడ ఒకటేనని ఆమె అనలేదు. చూపుడువేలితో గోడ చూపించింది, అంతే. ఈ ఏడాది అప్పు తీర్చేది ఈ విడత గూళ్ళేనని నాకూ తెలుసు.

ఇంతలో నవ్వొచ్చింది నాకు, ఏడుపులోనే. మా అమ్మ పేరు అప్పలనరసమ్మ. అత్తమ్మ పేరు లక్ష్మీనరసమ్మ. పెళ్ళిలో గిరి, ఇద్దరు నరసింహస్వాముల మధ్య పడ్డాను, నా పేగులు జాగ్రత్త అని అందరినీ నవ్వించాడు. పడింది ఆయన కాదు.

డిసెంబరు 13

అమ్మకు చెప్పాలి.

డిసెంబరు 15

అమ్మకు చెప్పాలి. నిన్న ఫోన్లో, ఏ చీర కట్టుకుని మీ ఇంట్లో దిగమంటావే అని అడిగింది. నీలంది కట్టుకో అన్నాను.

డిసెంబరు 17

అమ్మ విమానం ఎక్కింది.

డిసెంబరు 19

హిందూపురం లాడ్జిలో రాస్తున్నాను. అమ్మ స్నానానికి వెళ్ళింది. తొందరగా రాయాలి.

తిరుపతి రైలు ధర్మవరం వస్తుంది. గిరి స్నేహితుడి కారు తీసుకుని సగం రోజు సెలవు పెట్టాడు, అంతవరకు చేశాడు. అమ్మ నీలం చీర మీద యాత్ర కోసం అన్నయ్య కొనిచ్చిన స్వెట్టరు వేసుకుని దిగింది. సన్నబడింది. మెడ పట్టుకున్నాను. ఆకుపచ్చ నూనె వాసన. ఇన్ని నెలలు చౌడక్క ఇంట్లో దొంగతనంగా పీల్చిన వాసన ఒంటి వెచ్చదనంతో వచ్చింది. ఆ మెడలో మొహం పెట్టుకుని నేను మొదట అనుకున్నది, ఈ బట్టలు విడవకుండా షెడ్డులోకి పోకూడదు అని. ఎంత సిగ్గేసిందో.

ధర్మవరం బజారులో చీరల దుకాణాలు చూసి అమ్మ, ఇవన్నీ మీ అత్తగారి పురుగుల పనేనా అని అడిగింది. పెనుకొండ దగ్గర గిరి తన ఫ్యాక్టరీ చూపించాడు. కొండ మీద కోట చూపించాడు. చెప్పాల్సింది తప్ప అన్నీ చెప్పాడు. పరిగి దగ్గర పడ్డాక నేనే చెప్పాను, అమ్మా, ఇంట్లోకి వెళ్ళడానికి వీల్లేదు అని. అమ్మ నా వైపు తిరిగి, ఎవరికైనా బాగోలేదా అని అడిగింది.

గేటు ముందు వీధిలో చాప పరిచి, దాని మీద దుప్పటి వేసి, పక్కన కుర్చీ వేసి ఉంచింది అత్తమ్మ. పొద్దున్నే చౌడక్క పొయ్యి మీద ఓళిగలు చేసిందట, మేం బొబ్బట్లంటాం. మన ఇంట్లో కాదు, వీధి చివర ఇంట్లో. ఇత్తడి చెంబుతో తనే కాళ్ళకు నీళ్ళిచ్చింది. ఎదురుగా వచ్చి చేతులు పట్టుకుంది. “తప్పు పట్టుకోవద్దు వదినా. లోపల పురుగులుండాయి. నా కడుపున పుట్టింది వచ్చినా ఈడే కుచ్చోబెడతా.” అమ్మ తలూపింది. కుర్చీలో కూర్చోలేదు, చాప మీదే కూర్చుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఓళిగలు తిన్నారు. దారిన పోయేవాళ్ళు ఆగి, సింగపూరు వాళ్ళమ్మా అని అడిగిపోయారు. ధర్మవరం చీర ఒకటి ఒడిలో పెట్టింది అత్తమ్మ. అమ్మ కళ్ళకద్దుకుని తీసుకుంది. మర్యాదకు ఎక్కడా లోటు లేదు.

గేటు తెరిచే ఉంది. ముగ్గుపిండిలా సున్నం గీత. గీత అవతల మా గది కిటికీ. నేను వారం నుంచి తోమి తోమి శుభ్రం చేసిన కిటికీ. అమ్మ చాప మీద నుంచే దాన్ని చూసి, అదేనా నీ గది అంది. ఆ కర్టెన్ గుడ్డ తను పంపిందే.

అమ్మ వస్తోంది.

డిసెంబరు 20, తెల్లవారాక

నిన్న రాత్రి సంగతి రాయకపోతే తర్వాత మార్చి రాసుకుంటానేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

భోజనం అయ్యాక అమ్మ మంచం మీద కూర్చుంది. అప్పుడంది, “ఏటే, ఆ ఇంట పురుగులు లోపల, మనుసులు బయటానా?”

నేను అత్తమ్మ తరఫున వాదించాను. మొదటిసారి. నాగజ్యోతి సంగతి చెప్పాను, పచ్చగా కక్కుకుని చచ్చిన పురుగుల సంగతి చెప్పాను, గోడ సంగతి చెప్పాను. నేను మాట్లాడుతుంటే అమ్మ నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. నా మాట ఇక్కడివాళ్ళకు రేడియోలా ఉంటుందనుకుంటాను గానీ, అమ్మకు ఎలా వినబడుతోందో ఆలోచించలేదు.

“నాతో వచ్చీ” అంది. అన్నయ్య వాళ్ళు వేరే వెళ్ళిపోయాక గది ఖాళీగానే ఉందట. మందుల షాపు ముసలాయన నా పనిలో ఇంకా ఎవర్నీ పెట్టుకోలేదట. మొగుడు కావాలంటే వాడే వస్తాడులే అంది. నాలుగు నెలలుగా ఎవరైనా ఆ మాట అంటే చాలనుకున్నాను. అని ఉంటే సెప్టెంబరులో చెప్పుల్లేకుండా పరిగెత్తేదాన్ని.

అమ్మ సంచిలోంచి కొత్త సీసా తీసింది. తల ఇలా తే అంది. ఆమె ఒళ్ళో తల పెట్టాను. మూత తిప్పిన చప్పుడు, అరచేతిలో నూనె వంపుకున్న చప్పుడు కూడా నాకు తెలుసు. చిన్నప్పుడు జ్వరానికి, పరీక్షలకు, నాన్న పోయిన రోజు, పెళ్ళి ముందు రోజు, అదే చెయ్యి. అరచెయ్యి నా నుదుటి దగ్గరికి వచ్చింది. నేను దాన్ని పట్టుకుని ఆపాను.

“వద్దమ్మా. పొద్దున్నే షెడ్డులోకి పోవాల.”

ఎందుకన్నానో. ఆలోచించి అన్నమాట కాదు. అమ్మ చెయ్యి గాల్లోనే ఉంది, నూనె మణికట్టు దాకా కారింది. కాసేపటికి ఆ నూనె తన తలకే రాసుకుని మూత పెట్టేసింది. ‘మరి పోవాలి కదా’ అంది.

నేను బాత్రూంలోకి వెళ్ళి, ఆమె చెయ్యి పట్టుకున్న చేతిని సబ్బుతో కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను. వచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకుంది.

కోరుకున్నట్టే ఒక్క రాత్రి అమ్మ దగ్గర పడుకున్నాను. లాడ్జివాడు రెండు మంచాలు వేశాడు.

అదే రోజు

అత్తమ్మ ఫోన్ చేసింది. నాకు ఆమె ఫోన్ చెయ్యడం ఇదే మొదలు. “పురుగులు పండినాయి. అన్నీ ఒగేసారి. చౌడక్క ఒకతే ఉండాది” అంది. రమ్మనలేదు. పెట్టేసింది. కుంపటి మంట నిన్నంతా పెంచింది, అందుకే ముందే పండాయి.

ఈ రోజు అమ్మకు లేపాక్షి చూపిస్తానన్నాను. సాయంత్రం బెంగుళూరు బస్సు. అమ్మ అంతా విన్నది. సంచి సర్దుతూ, నా వైపు చూడకుండా, ఎల్లు అంది. అల్లుడు చూపిస్తాడులే అంది.

వెళ్తున్నాను. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను.

డిసెంబరు 22

రాలేకపోయాను.

పండిన పురుగు తిండి మానేసి, పసుపు తిరిగి, ఎండలో పెట్టిన ద్రాక్షపండులా లోపలికి కనబడుతుంది. దాన్ని ఏరి చంద్రికలో వెయ్యాలి, చంద్రిక అంటే గూడు కట్టుకోవడానికి అల్లిన తడిక. ఒక్క పూట ఆలస్యమైతే నేల మీదే నోట్లోంచి దారం వదిలేసి వృథా చేసుకుంటాయి. తలస్నానం చేసి, తడి జుట్టుకు గుడ్డ కట్టుకుని దిగాను. తర్వాత తల ఎత్తలేదు. నా చేతులు ఖాళీ లేవని అత్తమ్మ సంగటి ముద్ద పులుసులో ముంచి నా నోట్లో పెట్టింది. మింగేసి మళ్ళీ ఏరాను. పక్కింటి వాళ్ళెవరో గేటు బయట నుంచి, మనుషులు చాలకుంటే పిలవమని కేకేశారు. చౌడక్క లోపలి నుంచే, “అవసరం ల్యాదు, కోడలొచ్చింది” అంది.

ఆ రాత్రి బయటికి వచ్చి ఫోన్ చూస్తే అమ్మ రెండుసార్లు చేసి ఉంది. నేను తిరిగి చేసేసరికి బస్సు చిక్కబళ్ళాపురం దాటింది. లేపాక్షిలో నంది బాగుందట. స్తంభాలు బాగున్నాయట. నువ్వు తిన్నావా అని అడిగింది. తిన్నానన్నాను. ఎవరు పెట్టారో చెప్పలేదు.

కొత్త సీసా నాకు ఇచ్చిందా అని గిరిని అడిగాను. ఇవ్వలేదు, సంచిలోనే పెట్టుకుని వెళ్ళింది అన్నాడు.

డిసెంబరు 23

బాగానే ఉన్నాను.

జనవరి 2

గూళ్ళు అమ్ముడయ్యాయి. మార్కెట్లో మా గూళ్ళు చేతిలో పట్టుకుని చూసి, ఇంత గట్టి గూళ్ళు చలికాలంలో ఎట్ల తీసినావమ్మా అని ఒకాయన అత్తమ్మను అడిగాడు. ఆమె నా వైపు చూసింది, అంతే. ఇంటికొచ్చి షెడ్డు కడిగాం. సున్నం కొట్టాం. తలుపులు బార్లా తెరిచి ఎండబెట్టాం. మళ్ళీ పురుగులు దించేదాకా రెండు వారాలు ఏమీ లేవు.

మధ్యాహ్నం అత్తమ్మ చౌడక్క ఇంటికి వెళ్ళి నా మూట తనే తెచ్చింది. పౌడరు, స్ప్రే, కొబ్బరినూనె, ఆకుపచ్చ సీసా, అన్నీ నా ముందు పెట్టి పక్కన కూర్చుంది. తర్వాత నెమ్మదిగా, “ఇంగ మీయమ్మను రమ్మను. ఎన్ని దినాలైనా ఉండనీ. నీ గదిలోనే పండుకుంటాది” అంది. ఆమె కళ్ళు చూస్తే తెలుస్తోంది, మర్యాదకు అన్నమాట కాదు. అమ్మ ఎంత దూరంలో ఉందో, ఆ టిక్కెట్టుకు ఎన్నేళ్ళు కూడబెట్టిందో ఈమెకు ఎలా చెప్పను. గోరంట్ల నుంచి బస్సెక్కి రావడమే ఆమె ఎరిగిన దూరం. సరే అత్తమ్మా అన్నాను.

అమ్మకు ఫోన్ చేశాను. పురుగులు ఎలా ఉన్నాయని ముందు అదే అడిగింది. అమ్మేశామన్నాను. అత్తమ్మ రమ్మంటోందని చెప్పాను. నవ్వి, ‘దేవుడు సల్లగా సూత్తే మళ్ళీ యేడు సూద్దాం’ అంది. మళ్ళీ ఏడు కుదరదని ఇద్దరికీ తెలుసు. నువ్వెలా ఉన్నావని అడిగింది. బాగానే ఉన్నానన్నాను.

సాయంత్రం గిరి ఇంకా రాలేదు. అత్తమ్మ తోటకు వెళ్ళింది. ఇంట్లో నేను ఒక్కదాన్నే. సీసా తీసుకుని మంచం మీద కూర్చుని మూత తిప్పాను. వాసన గది నిండా కమ్ముకుంది. ఎన్ని నెలలైందో ఈ గదిలో ఈ వాసన. కళ్ళు మూసుకుని పీల్చబోయి, గబుక్కున లేచి, మూత బిగించి, పరుగున వెళ్ళి షెడ్డు తలుపులు మూసి గొళ్ళెం పెట్టాను.

గొళ్ళెం పెట్టాక గుర్తొచ్చింది, లోపల ఏమీ లేవని.